నాగజెముడు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది ప్రకాశం జిల్లాలో మెట్ట ప్రాంతం. ఊరి చివర గుట్ట కింద నాగజెముడు పొదలు ఉండేవి. ఆ పండ్లు తిని నాలుక ఎర్రగా చేసుకుని ఇంటికొస్తే, నాయనమ్మ తిట్టడానికి ముందు అరచేతులు పట్టుకుని చూసేది, ఎన్ని ముళ్లు దిగాయోనని. పెద్దయ్యాక ఆ మొక్క గురించి చదవడం మొదలుపెడితే, అది అట్లాంటిక్ అవతల కరీబియన్ సముద్రపు ఒడ్డున పుట్టిన మొక్క అని తెలిసింది. అప్పటి నుంచి దాన్ని వదల్లేదు. బంధువులు, స్నేహితులు, ఫొటో పంపి "ఇదేం మొక్క?" అనేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

నాగజెముడు అంటే ఖచ్చితంగా ఏ మొక్క?

శాస్త్రీయ నామం ఒపన్షియా డిల్లెనై, అంటే కాక్టస్ కుటుంబంలో ఒపన్షియా అనే గుంపులోది. కొందరు శాస్త్రవేత్తలు దీన్ని విడి జాతిగా కాక, ఒపన్షియా స్ట్రిక్టా అనే జాతిలో ఒక రకంగా లెక్కిస్తారు. అందుకే పుస్తకాల్లో రెండు పేర్లూ కనిపిస్తాయి. 'డిల్లెనై' అనేది 18వ శతాబ్దంలో ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు యోహాన్ యాకోబ్ డిల్లేనియస్ గౌరవార్థం పెట్టిన పేరు.

పొద సాధారణంగా మనిషి నడుము ఎత్తు నుంచి తల ఎత్తు వరకు పెరుగుతుంది. పచ్చగా, అరచేతి కంటే పెద్దగా, పలకల్లాంటి మట్టలు ఒకదాని మీద ఒకటి పుడతాయి. ముళ్లు పసుపు రంగులో, కాస్త చదునుగా, కొద్దిగా వంగి ఉంటాయి. గుర్తుపట్టడానికి నేను మొదట చూసేది ఆ పసుపు ముల్లునే.

బ్రహ్మజెముడు, బొంతజెముడు, ఆకుజెముడు, నాగజెముడు అన్నీ ఒకటేనా?

కావు. ఈ గందరగోళం తేలిగ్గా తీరేది కాదు, ఎందుకంటే ఒక్కో జిల్లాలో ఒక్కో పేరు ఒక్కో మొక్కకు వాడతారు. బ్రహ్మజెముడు అని కొన్నిచోట్ల నాగజెముడునే పిలుస్తారు, కొన్నిచోట్ల వేరే మొక్కను పిలుస్తారు.

నాకు అర్థమైనది ఇది. జెముడు అనే మాట మొదట మన నేల మీద ముందునుంచీ ఉన్న పాల మొక్కలది. బొంతజెముడు, ఆకుజెముడు, కాడజెముడు ఇవన్నీ యుఫోర్బియా కుటుంబానికి చెందినవి. గిల్లితే తెల్లటి పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. తర్వాత ఎక్కడినుంచో ఈ కొత్త ముళ్ల మొక్క వచ్చింది. చూడ్డానికి జెముడులా ఉంది, మట్ట పాము పడగలా ఉంది. మనవాళ్లు నాగజెముడు అన్నారు. పాత వృక్షశాస్త్ర పుస్తకాల్లో నాగదాళి అనే తెలుగు పేరు కూడా కనిపిస్తుంది. హిందీవాళ్లకూ పడగే గుర్తొచ్చి నాగఫణి అన్నారు. తమిళులకు మాత్రం చపాతీ గుర్తొచ్చింది, వాళ్లు సప్పాత్తి కళ్ళి అంటారు.

తేడా పట్టాలంటే మట్టను గిల్లి చూడండి. పాలు వస్తే అది యుఫోర్బియా. జిగురు నీళ్లు మాత్రమే వస్తే కాక్టస్. ఇంకో గుర్తు కూడా ఉంది: కాక్టస్ ముళ్లు ఎక్కడపడితే అక్కడ రావు, మట్ట మీద నూగు ఉన్న చిన్న చిన్న బొడిపెల్లోంచి గుత్తిగా వస్తాయి. రెండు కుటుంబాలకూ చుట్టరికం లేదు. ఒకటి అమెరికా ఎడారుల్లో, ఒకటి ఇక్కడి మెట్టల్లో ఒకే రకం కరువును తట్టుకోవాల్సి వచ్చి ఒకే రకం శరీరం తెచ్చుకున్నాయి.

ఇది మన దేశపు మొక్క కాదా? పేర్లలో 'ఇండికా' ఉంటుంది కదా?

కాదు. కాక్టస్ కుటుంబంలో ఒక్క జాతి తప్ప మిగతావన్నీ అమెరికా ఖండాలకు చెందినవే. ఆ ఒక్కటీ చెట్ల కొమ్మల మీద వేలాడే రిప్సాలిస్. అది ఆఫ్రికా, మడగాస్కర్, శ్రీలంకల్లో కూడా సహజంగా పెరుగుతుంది.

'ఇండికా' గొడవ కొలంబస్‌తో మొదలైంది. ఆయన చేరిన కరీబియన్ దీవులను 'ఇండీస్' అన్నారు. అక్కడి పండు యూరప్‌కు చేరి ఇండియన్ అత్తి అయింది. స్పెయిన్‌కు చెందిన కానరీ దీవుల్లో ఇప్పటికీ మన నాగజెముడును 'తూనో ఇందియో' అంటారు, అందులోని రెండో మాట ఇండియా పేరే. మన సామర్లకోటలో ఏళ్ల తరబడి పనిచేసిన ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ కూడా ఇక్కడ చూసిన ముళ్ల మొక్కకు కాక్టస్ ఇండికస్ అనే పేరు పెట్టారు. ఆయన కాలానికే అది మన పల్లెల్లో అంతగా కలిసిపోయింది.

మరి దాని సొంత ఊరు ఎలా ఉంటుంది?

ఫ్లోరిడా తీరం, బహామాస్, క్యూబా, జమైకా, ప్యూర్టోరికో, ఇంకా కింద ఉన్న చిన్న దీవులు, మెక్సికో తూర్పు తీరం, యుకటాన్ ద్వీపకల్పం. సముద్రానికీ అడవికీ మధ్య ఉండే ఇసుక దిబ్బలు, సున్నపురాయి బండలు, పొట్టి పొదల మైదానాలు దాని చోటు. కరీబియన్‌లో వానలు ఎక్కువే కదా అనుకుంటాం. కానీ తీరం పొడవునా కొన్నిచోట్ల వాన తక్కువ, గాలి ఎక్కువ. పడిన వాన కూడా ఇసుకలోంచి, చిల్లుల సున్నపురాయిలోంచి క్షణాల్లో దిగిపోతుంది. సముద్రం పక్కనే ఉన్నా మొక్కకు తాగే నీళ్లు దొరకవు.

అక్కడ దాని పక్కన గుండ్రటి దళసరి ఆకుల సీ గ్రేప్ పొదలు, కిత్తనార జాతులు, నిలువుగా పెరిగే స్తంభాల కాక్టస్‌లు ఉంటాయి. బటన్‌వుడ్ అనే చెట్టూ ఉంటుంది. మన పట్టణాల్లో రోడ్ల పక్కన నాటాక గొడవైన కోనోకార్పస్‌కు అది దగ్గరి చుట్టం. ఫ్లోరిడాలో వేల ఏళ్ల క్రితం అక్కడి ఆదివాసులు తిని పారేసిన ఆల్చిప్పల గుట్టల మీద కూడా ఒపన్షియా స్ట్రిక్టా పెరుగుతుంది. దానికి అక్కడి పేర్లలో ఒకటి ఆ గుట్టల నుంచే వచ్చింది.

కరీబియన్ దీవుల్లో పెద్ద పెద్ద ఇగ్వానా బల్లులు దాని మట్టలు, పండ్లు తింటాయి. ఫ్లోరిడాలో బొరియలు తవ్వుకునే గోఫర్ తాబేలుకు కూడా ఇవి ఆహారం. విత్తనాలు వాటి కడుపులోంచి బయటపడి కొత్తచోట మొలుస్తాయి. మనం ముట్టుకోవడానికి భయపడే మొక్కను తాబేలు నిమ్మళంగా నములుతుందంటే నాకు ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యమే.

ఉప్పుగాలిలో, ఒట్టి ఇసుకలో ఎలా బతుకుతుంది?

వేళ్లు లోతుకు పోవు, పైపైనే దూరంగా పరుచుకుంటాయి. చిన్న జల్లు పడినా నీరు దిగిపోయే లోపు లాగేస్తాయి. లాగిన నీటిని మట్టలోని జిగురు పట్టి ఉంచుతుంది. పైన మైనం పూత మందంగా ఉంటుంది కాబట్టి ఉప్పు తుంపర్లు లోపలికి దిగవు, లోపలి నీరు బయటికి పోదు.

అసలు తెలివి రాత్రిపూట కనిపిస్తుంది. మామూలు మొక్కలు పగలు ఆకు రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటాయి, ఆ దారినే నీరు ఆవిరైపోతుంది. నాగజెముడు పగలు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది. పీల్చిన కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా మార్చి దాచుకుంటుంది. తెల్లారి ఎండ రాగానే తలుపులు మూసి, దాచిన సరుకుతో వంట మొదలుపెడుతుంది. యాపిల్‌లో ఉండే పులుపూ ఎక్కువగా ఈ మాలిక్ ఆమ్లానిదే. అందుకే ఒపన్షియా మట్ట తెల్లవారుజామున పుల్లగా, సాయంత్రానికి చప్పగా ఉంటుంది. కాక్టస్ మట్టను కూరగా వండుకునే మెక్సికోలో ఏ వేళ కోశారన్నదాన్ని బట్టి పులుపు మారుతుంది.

దీనికి ఆకులు ఉండవా?

ఉంటాయి, కానీ మనం చూసే లోపే రాలిపోతాయి. మట్ట అనేది కాండం. కొత్తగా పుట్టిన లేత మట్టను దగ్గరగా చూస్తే ముళ్ల గుత్తుల కింద చిన్న కొక్కేల్లా పచ్చటి మొలకలు కనిపిస్తాయి. అవే ఆకులు. మట్ట ముదిరేసరికి ఒక్కటీ మిగలదు.

పువ్వు ఎప్పుడు పూస్తుంది?

మా వైపు ఎండాకాలంలో ఎక్కువగా పూయడం చూశాను. మట్ట అంచు మీద వరుసగా మొగ్గలు వస్తాయి. పువ్వు నిమ్మపండు పసుపు, వాడేటప్పుడు నారింజ రంగుకు తిరుగుతుంది. పూసినప్పుడు ఒక పని చేయండి: సన్నటి పుల్లతో మధ్యలోని కేసరాలను మెల్లగా తాకండి. అవి కదిలి లోపలికి ముడుచుకుంటాయి. తేనెటీగ వచ్చి దూరినప్పుడు దాని ఒంటికి పుప్పొడి బాగా అంటేందుకు ఇదొక ఏర్పాటు. పిల్లలకు చూపిస్తే అత్తిపత్తి ఆకును చూసినంత సంబరపడతారు.

ఇంత దూరం ఎవరు తెచ్చారు, ఎందుకు?

ముళ్ల కంచె కోసమని చాలామంది అనుకుంటారు. కంచెగా వాడింది నిజమే. కానీ ఒపన్షియాలను కంపెనీవాళ్లు మన దగ్గర పనిగట్టుకుని పెంచడానికి అసలు కారణం ఎర్ర రంగు.

మెక్సికోలో ఒపన్షియా మట్టల మీద కోచినీల్ అనే చిన్న పురుగును పెంచేవారు. దాన్ని ఎండబెట్టి నూరితే కార్మైన్ అనే చక్కటి ఎరుపు వస్తుంది. మనకు లక్క పురుగు ఎలాగో వాళ్లకు ఇది అలాగ. మూడు శతాబ్దాల దాకా ఆ వ్యాపారం స్పెయిన్ గుప్పిట్లో ఉంది. యూరప్ రాజుల పట్టు బట్టలు, ఇంగ్లండ్ సైనికాధికారుల ఎర్ర కోట్లు ఆ రంగువే. ఈస్టిండియా కంపెనీకి ఆ లాభం మీద కన్ను పడింది. 1780ల చివర్లో మద్రాసులో కంపెనీ వైద్యాధికారి జేమ్స్ ఆండర్సన్ సైదాపేటలో ఒపన్షియాల తోట వేయించారు. మొక్కలు సిద్ధం, పురుగు మాత్రం లేదు.

1795లో కెప్టెన్ నీల్సన్ అనే సైనికాధికారి ఓడ బ్రెజిల్‌లో ఆగినప్పుడు, కోచినీల్ పురుగులున్న మట్టలు తీసుకుని కలకత్తాలో దిగాడు. అందరూ సంబరపడ్డారు. తీరా చూస్తే అది అసలు పురుగు కాదు, రంగు తక్కువ ఇచ్చే అడవి రకం. రంగు వ్యాపారం నిలబడలేదు. కానీ ఆ పురుగు అప్పటికే దేశంలో విస్తరించి ఉన్న వేరే ఒపన్షియా జాతిని, ఒపన్షియా మోనకాంతాను, పొదలకు పొదలు తినేసింది. ఇది చూసి తర్వాత దాన్ని కలుపు నివారణ కోసం కావాలని దక్షిణాదికి, అక్కడి నుంచి 1860లలో శ్రీలంకకు పంపారు. కలుపు మొక్క మీదికి ఒక పురుగును కావాలని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పంపిన మొదటి ఉదాహరణగా దీన్ని చెబుతారు.

మన నాగజెముడును మాత్రం ఆ పురుగు ముట్టలేదు. దాని నోటికి ఆ ఒక్క జాతే పట్టింది.

మా తాత కాలంలో బీళ్ల నిండా ఇదే ఉండేదట. ఇప్పుడు ఎందుకు అంతగా లేదు?

మీ తాతగారు చెప్పింది నిజమే. 20వ శతాబ్దం మొదటికి మద్రాసు ప్రెసిడెన్సీ మెట్ట జిల్లాల్లో నాగజెముడు పెద్ద తలనొప్పి. విరిగిన మట్ట ఎక్కడ పడితే అక్కడ వేళ్లు దిగుతుంది. వాగు పొంగితే మట్టలు కొట్టుకుపోయి కింది ఊళ్లో మొలుస్తాయి. పొదల్లో పాములు, ఎలుకలు, పందులు చేరేవి. నరికి కుప్ప పోస్తే కుప్పే చిగురించేది.

1926లో ఇంకో కోచినీల్ జాతి, డాక్టిలోపియస్ ఒపన్షియే, శ్రీలంక నుంచి దక్షిణ భారతానికి వచ్చింది. ఈసారి సరైన పురుగు సరైన మొక్క మీద పడింది. కొన్నేళ్లలోనే పొదలు తెల్లబడి, మెత్తబడి, కూలిపోయాయి. మనుషులు గొడ్డళ్లతో చేయలేని పని అది చేసింది. ఇప్పుడు గుట్టల మీద, చెరువు కట్టల పక్కన, శ్మశానాల దగ్గర, తీరపు ఇసుకలో అక్కడక్కడా కనిపించే పొదలు ఆ దెబ్బ తర్వాత మిగిలినవాటి సంతానం.

మట్టల మీద తెల్లటి దూది లాంటిది ఉంది. ఏం చేయాలి?

అదే ఆ పురుగు. పుల్లతో దూదిని నలపండి, ముదురు ఎరుపు వస్తుంది. ఆడపురుగులు కదలకుండా మట్టకు అతుక్కుని, దూదిలాంటి మైనం కప్పుకుని రసం పీలుస్తాయి. మీ కుండీలో మొక్క అయితే నీళ్లను గట్టిగా చిమ్మి కడిగేయండి, బాగా పట్టిన మట్టలను తీసేయండి. బీడులో పొద అయితే వదిలేయండి, పురుగు తన పని చేసుకుంటుంది.

కొందరు దీన్ని ఆరుద్ర పురుగు అనుకుంటారు. తొలకరిలో నేల మీద నడిచే ఎర్రటి మఖమల్ లాంటి ఆరుద్ర పురుగు వేరు, అది సాలెపురుగుకు చుట్టం. దయచేసి దాన్ని చంపకండి.

వేరే దేశాల్లో కూడా ఇలాగే విస్తరించిందా?

ఇంతకంటే ఘోరంగా. ఆస్ట్రేలియాలో దీని జంట జాతి ఒపన్షియా స్ట్రిక్టా 1920ల నాటికి సుమారు 2 కోట్ల 40 లక్షల హెక్టార్లను ఆక్రమించింది. రైతులు ఇళ్లు, పొలాలు వదిలి వెళ్లిపోయారు. చివరికి అర్జెంటీనా నుంచి కాక్టోబ్లాస్టిస్ అనే రెక్కల పురుగును తెప్పించి 1926 నుంచి వదిలారు. దాని గొంగళిపురుగులు మట్ట లోపలికి దూరి డొల్ల చేసేస్తాయి. ఆరేడేళ్లలో చాలావరకు శుభ్రమైంది. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో బూనార్గా అనే ఊరివాళ్లు ఆ పురుగు పేరు మీద 1936లో ఒక స్మారక భవనం కట్టుకున్నారు. ఒక పురుగుకు అంత కృతజ్ఞత చూపారంటే ఆ రైతుల కష్టం ఎంతటిదో అర్థమవుతుంది.

కానీ ఈ కథకు ఇంకో ముఖం ఉంది, అది మడగాస్కర్‌ది. దక్షిణ మడగాస్కర్ కరువు నేల. అక్కడి పశువుల కాపరులకు రాకేత అనే ఒపన్షియా ప్రాణాధారం: ఎండాకాలంలో పశువులకు నీరూ మేతా అదే, మనుషులకు పండ్లూ అవే, పశువుల దొడ్డికి కంచె అదే. 1924లో అక్కడ కోచినీల్ పురుగును వదిలారు. కొన్నేళ్లలో రాకేత తుడిచిపెట్టుకుపోయింది. పశువులు చచ్చాయి, కరువు వచ్చింది, మనుషులు పోయారు. అధికారులకు కలుపుగా కనిపించింది ఆ జనాలకు బతుకు. తర్వాత వాళ్ల నేల మీదికి ఒపన్షియా స్ట్రిక్టా చేరింది. దాన్ని రాకేతమేన, అంటే ఎర్ర రాకేత అంటారు. ముళ్లు ఎక్కువ, పెరుగుదల ఎక్కువ, పాత రాకేతలా ఉపయోగపడదు. ఇప్పుడు వాళ్ల ఇబ్బంది దాంతో. ఈ మొక్క గురించి నేను చదివినవాటిలో మనసును ఎక్కువగా పట్టి ఉంచినది ఇదే.

దక్షిణాఫ్రికా క్రూగర్ పార్కులో, కెన్యా లైకిపియా ప్రాంతంలో కూడా స్ట్రిక్టా పెద్ద సమస్య. ఏనుగులు, కోతులు పండ్లు తిని విత్తనాలు చల్లుతాయి. మేకలు, గొర్రెలు తింటే నూగుముళ్లు నోట్లో, పేగుల్లో గుచ్చుకుని పుండ్లు పడతాయి.

అయితే సొంత ఊళ్లో దీనికి ఏ ఇబ్బందీ లేదా?

ఉంది. ప్రపంచంలోని 100 అతి చెడ్డ ఆక్రమణ జాతుల జాబితాలో ఉన్న ఒపన్షియా స్ట్రిక్టానే, ఫ్లోరిడా రాష్ట్రంలో ముప్పులో ఉన్న మొక్కల జాబితాలో కూడా ఉంది. తీరం వెంట ఇళ్లు, హోటళ్లు వచ్చి ఇసుక దిబ్బలు తగ్గిపోవడం ఒక కారణం. రెండోది ఆస్ట్రేలియాను కాపాడిన ఆ కాక్టోబ్లాస్టిస్సే. 1957లో దాన్ని కరీబియన్‌లోని నెవిస్ దీవికి తెచ్చారు. అది దీవి నుంచి దీవికి పాకింది. 1989లో ఫ్లోరిడాలో కనిపించింది. 2006లో మెక్సికో పక్కన ఇస్లా ముహేరెస్ అనే చిన్న దీవిలో కనిపిస్తే, అక్కడి ప్రభుత్వం పరుగున వెళ్లి నిర్మూలించింది, ఎందుకంటే మెక్సికోలో ఒపన్షియా ఒక పంట.

పండు తినొచ్చా? ఎలా?

తినొచ్చు. ముదురు ఊదా ఎరుపుకు తిరిగి, కాస్త మెత్తబడిన పండు తీసుకోండి. రుచి తీపి పులుపు కలిసినట్టు, లోపల గట్టి గింజలు బోలెడు.

భయపడాల్సింది పెద్ద ముళ్లకు కాదు. పండు మీద ఉండే గోధుమ రంగు నూగుముళ్లకు భయపడాలి. కంటికి సరిగ్గా ఆనవు, కొసకు వెనక్కి తిరిగిన కొక్కేలుంటాయి, చర్మంలో దిగితే విరిగి లోపలే ఉండిపోతాయి. మేం పుల్లలతో రెండు వైపులా పట్టి కోసేవాళ్లం, గోనెసంచి ముక్కతో ఇసుకలో దొర్లించి రుద్దేవాళ్లం. ఇంట్లో అయితే పట్టకారుతో పట్టి పొయ్యి మంట మీద తిప్పడం మేలు, నూగు చిటపటమని కాలిపోతుంది. తర్వాత నీళ్లలో కడిగి, రెండు కొసలు కోసి, నిలువునా గాటు పెట్టి తొక్క ఒలవండి. గుజ్జును పలుచటి గుడ్డలో పిండితే గింజలు పోయి రసం మిగులుతుంది. కొంచెం నిమ్మరసం, బెల్లం వేస్తే షర్బత్ అద్భుతంగా ఉంటుంది. కానరీ దీవుల్లో ఈ పండుతో రసం, జామ్ చేస్తారు.

గింజలతో సహా ఎక్కువ తింటే మలబద్ధకం గట్టిగా పట్టుకుంటుంది. పిల్లలకు రెండు మూడు చాలు.

తిన్నాక మూత్రం ఎర్రగా వచ్చింది. టెన్షన్‌గా ఉంది.

బీట్‌రూట్‌లో ఉండే బీటాలైన్ రకం రంగే ఈ పండులోనూ ఉంది. కొందరిలో అది అలాగే బయటికి వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. పండు తినకుండానే ఎరుపు కనిపించినా, రెండు రోజులు దాటినా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

రక్తం పడుతుందని, షుగర్ తగ్గుతుందని వీడియోల్లో చెబుతున్నారు. నిజమేనా?

రసం ఎర్రగా ఉన్నంత మాత్రాన రక్తం పట్టదు. ఒపన్షియాల మీద ప్రయోగశాలల్లో పరిశోధనలు జరుగుతున్నాయి, అది మంచిదే. కానీ ఈ పండు నమ్మి మందు మానేయకండి. ఒపన్షియాలు చక్కెర స్థాయిని కొంత తగ్గించే అవకాశం కూడా ఉంది కాబట్టి, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు రోజూ తాగే ముందు డాక్టర్‌ను అడగాలి. హిమోగ్లోబిన్ తక్కువగా ఉన్న గర్భిణికి ఐరన్ మాత్రలు మాన్పించి ఈ రసం పట్టించడం నేను చూశాను. అలా ఎప్పుడూ చేయొద్దు.

నూగుముళ్లు చేతిలో దిగితే?

రుద్దకండి, నోటితో లాగకండి. వెలుతురులో కూర్చుని, ట్వీజర్‌తో దొరికినన్ని తీయండి. మిగిలినవాటికి ఫెవికాల్‌లాంటి తెల్ల జిగురు పలుచగా పూసి, మీద గుడ్డ పరిచి, ఆరాక మెల్లగా లాగితే చాలావరకు ఊడొస్తాయి. ఆ చేత్తో కళ్లు నలుపుకోవద్దు. కంట్లో పడితే ఇంట్లో ఏమీ చేయకుండా నేరుగా కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

కరువులో పశువులకు పెట్టొచ్చా?

ముళ్లు కాల్చి పెట్టడం పాత పద్ధతే. మట్టను కర్రకు గుచ్చి మంట మీద తిప్పి, ముళ్లూ నూగూ పూర్తిగా మాడాక ముక్కలు చేస్తారు. మట్టలో ఎక్కువ భాగం నీళ్లే, మాంసకృత్తులు తక్కువ. ఒట్టిగా ఇదే పెడితే పారుడు పట్టుకుంటుంది. ఎండుగడ్డి, చొప్ప కలిపి పెట్టాలి.

ప్రభుత్వం వేయమంటున్న ముళ్లు లేని కాక్టస్ ఇదేనా?

కాదు. అది ఒపన్షియా ఫైకస్ ఇండికా, మెక్సికోలో వేల ఏళ్లుగా మనుషులు ఎంచి పెంచుకున్న పంట. మేతకు, బయోగ్యాస్‌కు దాన్ని మెట్ట భూముల్లో వేయించాలని కేంద్ర భూవనరుల విభాగం 2022 నుంచి ప్రోత్సహిస్తోంది. ముళ్లు లేవు కదా అని నాగజెముడు మట్టల్లో కాస్త ముళ్లు తక్కువున్నవి ఏరుకుని వేయకండి, తర్వాతి మట్టకు ముళ్లు వచ్చేస్తాయి. పరిశోధన కేంద్రాల నుంచి తెచ్చిన మొక్కలే వేయండి.

పొలానికి కంచెగా వేయనా?

వద్దనే చెబుతాను. పదేళ్లకు కంచె మీ పొలంలోకి నడిచి వస్తుంది, తర్వాత పక్కవాళ్ల పొలంలోకి. గచ్చకాయ, గోరింట, వాకలాంటివి దడికి ఉన్నాయి.

ఉన్న పొదను తీసేయాలంటే?

వాన లేని రోజుల్లో తీయండి. వేళ్లతో పెకిలించి, రాలిన ప్రతి ముక్కా ఏరి, బండ మీద పూర్తిగా ఎండనిచ్చి కాల్చండి లేదా లోతుగా పూడ్చండి. ట్రాక్టర్‌తో దున్నేస్తే ఒక పొద వంద పొదలవుతుంది. వాగులో పారేయడం అసలు వద్దు.

కుండీలో పెంచుకోవాలని ఉంది.

ఒక మట్టను కోసి వారం నీడలో ఆరనివ్వండి, కోసిన చోట పొర కట్టాలి. సగానికి పైగా ఇసుక కలిపిన మట్టిలో మూడో వంతు దిగేలా నిలబెట్టండి. మొదటి పది రోజులు నీళ్లొద్దు. తర్వాత మట్టి ఎండినప్పుడే పోయండి. పూర్తి ఎండ కావాలి. పిల్లలు, పెంపుడు జంతువులు తిరిగే దారిలో పెట్టకండి.

ఇంట్లో ముళ్ల మొక్క ఉంటే అరిష్టమంటారు కదా?

తగిలితే గుచ్చుకుంటుంది కాబట్టి గుమ్మం ముందు వద్దు అన్నంతవరకు నేను ఒప్పుకుంటాను. మా మేడ మీద పన్నెండేళ్లుగా ఉంది.

మేం అమెరికాలో ఉంటాం. దాన్ని సొంతచోట ఎక్కడ చూడొచ్చు?

టెక్సస్‌లో డాలస్, ఆస్టిన్ చుట్టుపక్కల రోడ్ల వెంట కనిపించేది ఎక్కువగా వేరే ఒపన్షియా. కాలిఫోర్నియాలో శాన్ డియేగో వైపు తీరపు గుట్టల మీద ఉండేది ఒపన్షియా లిట్టొరాలిస్. అదీ సముద్రపు పొదల మొక్కే, మనదానికి అక్కాచెల్లెళ్ల వరస. నాగజెముడు కోసమైతే ఫ్లోరిడా వెళ్లాలి. కెనావెరల్ తీరంలో ఇసుక దిబ్బల వెనక, ఇంకా దక్షిణాన కీస్ దీవుల్లో చూడండి. నడక దారిలోంచి పక్కకు దిగకండి, మట్ట విరవకండి, అక్కడ అది కాపాడుకుంటున్న మొక్క.

చూసినప్పుడు ముళ్లను కాస్త పరీక్షగా గమనించండి. ఒక ముల్లు మిగతావాటి కంటే గోధుమ రంగులో, గింజలు గుచ్చినట్టు కణుపులు కణుపులుగా ఉంటే అది ముల్లు కాదు. కాక్టోబ్లాస్టిస్ తన గుడ్లను ఒకదాని మీద ఒకటి పేర్చి ముల్లులా నిలబెడుతుంది. అలాంటిది కనిపిస్తే ఫొటో తీసి పార్కు సిబ్బందికి చూపించండి.